కాశిం ఇంట్లో పురుగుల్లేవండీ

బెజవాడ గవర్నర్‌పేటలో ఆ రోజుల్లో పరుపుల కాశిం ఎవరో తెలియదన్నారంటే వాళ్ళు చాప మీద పడుకునేవాళ్ళైనా కావాలి, ఊరికి కొత్తగా దిగినవాళ్ళైనా కావాలి. పెద్ద రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో ముందు కొట్టు, వెనక ఇల్లు. కాశిం దూది ఏకే విల్లు పట్టుకుని కూర్చున్నాడంటే టుంయ్ టుంయ్‌మంటూ ఆ మోత సందు మొదట్లో ఉన్న ఆటోలవాళ్ళ దాకా వినిపించేది. విల్లు ఆపితే అతని గొంతు వినిపించేది. రెంటిలో ఏది భరించొచ్చని అడిగితే, విల్లే నయమనేవాళ్ళు ఆటోలవాళ్ళు.

పాత పరుపు విప్పి, దూది ఎండేసి, ఏకి, కొత్త గుడ్డలో కూరి కుట్టివ్వడం అతని పని. తాతల నాటి నుంచీ దూదేకులవాళ్ళు చేస్తున్నదే. కానీ కాశిం దానికి సొంతంగా ఓ తంతు చేర్చాడు. పరుపు ఇంటికి చేరేశాక, ఉతికి గంజి పెట్టిన తెల్ల లాల్చీతో, ఇంటిల్లిపాదీ చూస్తుండగా దాని మీద వెల్లకిలా పడుకునేవాడు. కుడికి దొర్లేవాడు. ఎడమకి దొర్లేవాడు. లేచి రెండు చేతులూ చాచి నిలబడి, "చూస్కోండమ్మా! నల్లి గానీ, పురుగు గానీ, ఒక్కటంటే ఒక్కటి పాకిందేమో నా ఒళ్ళంతా చూస్కోండి!" అనేవాడు. ఎవరు చూస్తారు చెప్పండి? ఆడవాళ్ళు నవ్వుకుంటూ లోపలికి పోయేవాళ్ళు. కానీ ఆ తంతు లేకపోతే పరుపు తీసుకున్నట్టే ఉండేది కాదు జనానికి. "కాశిం దొర్లిన పరుపు" అంటే దానికో లెక్క.

ఇక అతని భార్య నాగూర్‌బీ. లోపలి దూది కదలకుండా పరుపుకి టాకాలు వేసేదీ, అంచు కుట్టేదీ ఆవిడే. మాట తక్కువ మనిషి. అసలు ఆ ఇంట్లో మాట్లాడ్డానికి ఆవిడకి సందు దొరికితే కదా! ఒక్కగానొక్క కూతురు అఫ్సానాని పామర్రులో ఇచ్చారు. ఆ పిల్ల వెళ్ళాక ఇల్లు బోసిపోయిందని ఆవిడ ఓసారి నోరు తెరిచి అంది. అంతే, కాశిం ఆ మాట పట్టుకుని ఊరంతా చెప్పాడు.

చెప్పినందుకు ఫలితం దక్కింది. తొంభై నాలుగు వేసవిలో వెంకటకృష్ణారావు గారని ఒక బ్యాంకు ఉద్యోగి, కూచిపూడికి బదిలీ అయి వెళ్తూ, పిల్లలు ముచ్చటపడి పెంచిన గినీపిగ్గుల జంటని బుట్టలో పెట్టి తెచ్చి వీళ్ళకి అప్పజెప్పాడు. ఒకటి తెలుపు, ఒకటి గోధుమరంగు. తోకలు లేవు. మనిషి అలికిడైతే చాలు, కుయ్ కుయ్‌మని మేత కోసం గోల. మగదానికి నవాబు, ఆడదానికి బేగం అని పేర్లు పెట్టాడు కాశిం. సందులోవాళ్ళు "కాశిం ఎలుకలు" అంటే ఊరుకునేవాడు కాదు. "ఎలుకలు కాదయ్యా, గినీపిగ్గులు! ఫారిన్ జాతి!" అని మీదికొచ్చేవాడు. పైకి నాగూర్‌బీ కోసమే తీసుకున్నానని చెప్పుకునేవాడు గానీ, మనలో మాట, మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినప్పుడు నవాబుని పొట్ట మీద పడుకోబెట్టుకుని జోకొట్టేది ఇతనే.

వాటి కాపురం మంచం కింద చెక్కపెట్టెలో. పరుపులవాడి ఇంట్లో పరుపుకి కరువా? విప్పిన పాత పరుపుల్లోంచి ఏకడానికి పనికిరాని చెత్త దూది వస్తుంది కదా, దాన్నే పెట్టెలో మెత్తగా పరిచాడు. రోజూ క్యారెట్ తొక్కలు, కొత్తిమీర కాడలు, తవుడు. అంత వైభవం చూసి పక్క బియ్యం గోడౌన్లో ఎలుకలు ఊరుకుంటాయా? వానలు పడగానే అవి తూములోంచి వచ్చి, నవాబు తినగా మిగిలింది తిని, చెత్త దూదిలోనే పడుకుని పోవడం మొదలుపెట్టాయి. కాశింకి ఆ సంగతి తెలుసు. తెలిసీ తెలియనట్టున్నాడు.

ఒకరోజు పొద్దున్నే నాగూర్‌బీ నవాబుని ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

"ఏవండీ, వీడు తెగ గోక్కుంటున్నాడు. బొచ్చు పాయ తీసి చూశా. సన్నగా నల్లగా ఏవో గెంతుతున్నాయి."

"దూది పొట్టయ్యుంటది."

"దూది పొట్టు గెంతుద్దా? నువ్వుగింజంత కూడా లేవు, పట్టుకోబోతే ఎగిరి పోతన్నాయి. నా కాళ్ళ మీద కూడా కుట్టాయి, చూడండి."

కాశిం తన కాళ్ళు చూసుకున్నాడు. అతని పాదాల పైన కూడా ఎర్రటి పొక్కులు లేచి ఉన్నాయి. చెమట పొక్కులని పౌడరు కొట్టుకుంటున్నాడు. "నెమ్మదిగా మాట్లాడు!" అని ఆవిడ మీద ఎంత గట్టిగా అరిచాడంటే, పక్కింటివాళ్ళు ఏమైందని తొంగి చూశారు. వాళ్ళు లోపలికి పోయేదాకా ఆగి, గొంతు తగ్గించాడు. "పరుపులోడింట్లో పురుగులంట అని ఒక్కళ్ళకి తెలిసిందా, కొట్టు మూసుకోవాల్సిందే. ఈ మాట ఇంకోసారి నీ నోట్లోంచి రాకూడదు. ఎవరడిగినా సరే."

నాగూర్‌బీ సరేనంది. ఆవిడ ఎప్పుడూ సరే అనేది, కాశిం ఎప్పుడూ దాని గురించి మళ్ళీ ఆలోచించేవాడు కాదు.

సరిగ్గా ఆ తర్వాతే సూరత్‌లో ప్లేగు అన్న వార్త దేశమంతా గుప్పుమంది. రేడియో పెడితే ఎలుకలు, పేపరు తెరిస్తే ఎలుకల మీది పురుగులు. బెజవాడలో ఒక్క కేసు లేకపోయినా మనవాళ్ళు మూతికి రుమాలు కట్టుకుని సిటీ బస్సెక్కారు. సందు చివర ఎలుక చచ్చి పడుంటే మునిసిపాలిటీ వాళ్ళు వచ్చేదాకా అటువైపు ఎవరూ నడవలేదు. కాశిం రేడియో కట్టేశాడు. తను వినకపోతే ఇంకెవరూ వినరనుకున్నాడో ఏమో, మహానుభావుడు.

ఆ గోలలోనే బేగంకి జబ్బు చేసింది. మేత ముట్టదు, కుయ్‌మనదు. ఒక మూల ముడుచుకుని పడుంది. నాగూర్‌బీ దాన్ని తన పాత చీర ముక్కలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, కొత్తిమీర చిదిపి నోటికి అందించింది. తినలేదు. సాయంత్రానికి ఆ ఒళ్ళోనే ప్రాణం వదిలింది. అది చల్లబడిపోయాక కూడా ఆవిడ దాన్ని కిందకి దించలేదు. కాశింకీ ఏడుపొచ్చింది గానీ మగాడు కదా, ముక్కు చీదుకుని జలుబన్నాడు.

"మన మీదికి వచ్చే గండం అది నెత్తినేసుకుని పోయిందండీ," అంది నాగూర్‌బీ. పెంచిన మూగజీవి పోతే ఇంటి మీది బలా, ఆ పీడ, దానితో పోతుందని వాళ్ళ అమ్మ చెప్పేదట. కాశింకి ఆ మాట ఎంత నచ్చిందో! అదే నిజమైతే ఇంక దిగులు దేనికి? పురుగుల సంగతి కూడా దానితోనే పోయిందని లెక్కేసుకుని, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

వారం పదిరోజులకి నాగూర్‌బీకి జ్వరం వచ్చింది.

మామూలు జ్వరం కాదు. తల పగిలిపోతోందని రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది. ఒళ్ళు కాలిపోయేది. వీధిలో ఇంజక్షన్లు చేసే ఆయన టైఫాయిడ్ అన్నాడు. ఆ రోజుల్లో ఏ జ్వరమైనా ముందు టైఫాయిడే కదా! కాశిం బ్రెడ్డు, బార్లీ నీళ్ళు పట్టుకొచ్చి పథ్యం మొదలుపెట్టాడు. ఇంజక్షన్లు పడుతున్నాయి, జ్వరం దిగట్లేదు. చివరికి ఓ నర్సింగ్‌హోమ్‌లో చేర్చాల్సి వచ్చింది.

అక్కడి డాక్టరు దుర్గాప్రసాద్ గారు నిదానమైన మనిషి. నర్సు వచ్చి, ఆవిడ పొట్ట మీదా ఛాతీ మీదా ఎర్రటి దద్దుర్లున్నాయని చెప్పగానే మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమ్మా, ఇంట్లో ఎలుకలున్నాయా? జంతువులేమైనా పెంచుతున్నారా? చిన్నచిన్న గెంతే పురుగులేవైనా కుట్టాయా?"

నాగూర్‌బీ తల తిప్పి కాశిం వైపు చూసింది. కాశిం సెలైన్ బాటిల్ వంక చూస్తూ నిలబడ్డాడు. అక్కడేదో అద్భుతం జరుగుతున్నట్టు చూశాడు.

"లేవండీ," అంది నాగూర్‌బీ. "మాది పరుపుల కొట్టండీ. మా ఇంట్లో పురుగుల్లేవండీ."

"నిజమేనా?" అన్నాడు డాక్టరు కాశింతో.

"మా ఇంట్లోనా అండీ? గవర్నర్‌పేటలో ఎవర్నైనా అడగండి!" అన్నాడు కాశిం. అవతలి మంచం దగ్గర సుబ్బరత్నం గారు కూర్చుని ఉంది మరి. కొడుకు పెళ్ళికని నాలుగు పరుపులు చెప్పిన మనిషి, అత్తగారిని చూసుకోవడానికి వచ్చింది. ఆవిడ ముందు ఇంకేమంటాడు? "కాశిం చెప్పేది నిజమే డాక్టరు గారూ, పరుపు మీద దొర్లి మరీ ఇస్తాడు," అని ఆవిడ సాక్ష్యం కూడా పలికింది. డాక్టరు తలూపి, అయితే ఇంకో దారి చూద్దామని, మరేవో పరీక్షలు రాశాడు.

కాశిం వరండాలోకి వచ్చి బీడీ వెలిగించాడు. చెబితే కొట్టు పోతుంది. అందులోనూ ఈ ప్లేగు రోజుల్లో పురుగులన్న మాట పొక్కిందంటే కొట్టుకే కాదు, ఇంటికి కూడా నిప్పు పెడతారు. చెప్పకపోతే? చెప్పకపోతే ఏముంది, డాక్టరు గారికి చదువుంది, ఆయనే కనిపెడతాడులే అని సర్దిచెప్పుకున్నాడు. జబ్బు కనిపెట్టడానికి చదువుతో పాటు రోగి నోరు కూడా కావాలని తెలియనంత అమాయకుడేం కాదు. కానీ భయం వేస్తే మనిషి ఎంత తెలివితక్కువగానైనా ఆలోచిస్తాడు.

మర్నాడు పొద్దున అతను ఫ్లాస్కులో కాఫీ తీసుకుని వెళ్ళేసరికి నాగూర్‌బీ కళ్ళు తెరిచే ఉంది. ఆ కళ్ళు ఇతన్ని గుర్తుపట్టలేదు.

"రండి బాబూ, కూర్చోండి," అంది. "పరుపు కోసం వచ్చారా?"

"నాగూర్‌బీ, నేనే. నేను."

"మా ఆయన లేరండీ, బయటికెళ్ళారు. పరుపు తయారుగా ఉంది, తీసుకెళ్ళండి. భయపడమాకండి బాబూ. మా ఇంట్లో పురుగుల్లేవండీ. ఎవరన్నా చెప్పినా నమ్మమాకండి. మా ఆయన పరుపులు మంచివండీ."

అదే మాట. మళ్ళీ అదే మాట. ఎండిపోయిన పెదాలతో, వచ్చినవాణ్ణి బతిమాలుతున్నట్టుగా అదే మాట. కాశిం చేతిలో ఫ్లాస్కు కింద పెట్టడం కూడా మర్చిపోయాడు. ఈ మాట తను నేర్పిందే. నోరు మూసుకోమని తను చెబితే, ఒళ్ళు తెలియని జ్వరంలో కూడా దాన్ని విడవకుండా పట్టుకుని ఉంది ఆవిడ.

అప్పుడే డాక్టరు గారు వార్డులోకి అడుగుపెట్టాడు. కాశింకి నెమ్మదిగా చెప్పడం ఎప్పుడైనా వచ్చా?

"డాక్టరు గారూ! ఉన్నాయండీ! మా ఇంట్లో పురుగులున్నాయండీ! ఎలుకలున్నాయి, గెంతే పురుగులున్నాయి, అన్నీ ఉన్నాయి! నేనే చెప్పొద్దన్నానండీ!"

ఆ కేక వార్డు దాటి వరండా దాటి మెట్ల దాకా పోయింది. సుబ్బరత్నం గారు చటుక్కున లేచి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఎవరో "ప్లేగురోయ్!" అన్నారు. అంతే, నడవగలిగినవాళ్ళు గుమ్మం వైపు, నడవలేనివాళ్ళు గోడ వైపు. కాలికి సిమెంటు కట్టు ఉన్న ఓ పెద్దాయన అందరికంటే ముందు గుమ్మం దగ్గరికి చేరాడని నర్సులు తర్వాత చాన్నాళ్ళు చెప్పుకున్నారు.

"ఆగండి!" అన్నాడు డాక్టరు. "ఇది ప్లేగు కాదు. ఎవరి మంచం మీదికి వాళ్ళు వెళ్ళండి." తర్వాత కాశింని కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పమన్నాడు. కాశిం చెప్పాడు. గోడౌను ఎలుకలు, చెత్త దూది, బేగం చావు, నాగూర్‌బీ ఒళ్ళో పెట్టుకోవడం, ఏదీ దాచలేదు.

"ఇది టైఫస్ అయ్యుంటుందయ్యా," అన్నాడు డాక్టరు. "ఎలుకల్లో ఉండే జబ్బు. వాటి మీది పురుగు మోసుకొస్తుంది. అది కుట్టినచోటే రెట్ట వేస్తుంది, మనకి దురద పుడుతుంది, గోకుతాం. ఆ గోకుడుకి రెట్టలోని సూక్ష్మజీవి ఒంట్లోకి పోతుంది."

"అయితే నవాబు ఇచ్చాడా అండీ దీనికి?"

"నవాబెవరు?"

"మా గినీపిగ్గండీ. చచ్చిపోయింది బేగం."

డాక్టరు నవ్వాపుకున్నాడు. "నవాబు ఇవ్వలేదు, బేగమూ ఇవ్వలేదు. వాటికీ మీకూ కలిపి పంచింది పురుగు. ఇది గినీపిగ్గు, ఇది మనిషి అని అది చూడదు, ఒళ్ళు వెచ్చగా ఉంటే చాలు. బేగం ఎందుకు చచ్చిందో ఇప్పుడు చెప్పలేం. కానీ జంతువు చచ్చి చల్లబడగానే పురుగులు దిగి, దగ్గర్లో వెచ్చగా ఎవరుంటే వాళ్ళ మీదికి పోతాయి."

దగ్గర్లో వెచ్చగా ఎవరున్నారో కాశింకి వేరే చెప్పనక్కర్లేదు. గండం మోసుకుపోయిందనుకున్న బేగం దగ్గర్నుంచే గండం దిగి వచ్చింది.

"ఇంకో మాట," అన్నాడు డాక్టరు మందు చీటీ రాస్తూ. "పాతకాలంలో ఈ జ్వరం అవునో కాదో తేల్చడానికి ల్యాబుల్లో గినీపిగ్గులకే ఎక్కించి చూసేవాళ్ళు. మీరు ల్యాబుని మంచం కిందే పెట్టుకుని, రిపోర్టు మాత్రం నా దగ్గర దాచారు. బాగుందయ్యా!"

డాక్సీసైక్లిన్ కాప్సూళ్ళు మొదలయ్యాయి. కాశింకి ఇంటి పని పడింది. ముందు పురుగుల్ని చంపాలి, ఆ తర్వాతే ఎలుకల్ని. ఎలుకల్ని ముందు చంపితే పురుగులన్నీ మళ్ళీ మనుషుల మీదికే వస్తాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇల్లంతా మందు చల్లించాడు. పశువుల డాక్టరు ఇచ్చిన పొడి పట్టిస్తే నవాబు శనగపిండిలో పడి లేచినట్టు తయారై, అవమానంతో ఒక పూట మేత మానేశాడు. చెక్కపెట్టె, చెత్త దూది, దాని పక్కనే పేర్చి ఉన్న మంచి దూది, అన్నీ సందులోకి ఈడ్చి తగలబెట్టాడు. జనం దూరంగా నిలబడి చూశారు. నలుగురూ చూడకుండా చేద్దామంటే ఆ సందులో చోటెక్కడుంది?

సుబ్బరత్నం గారు పరుపులు వద్దని కబురు పంపింది. ఇంకా చాలామంది పంపారు. ఏకమని ఇచ్చిన పాత పరుపుల్ని కొందరు రిక్షా తెచ్చి వెనక్కి పట్టుకుపోయారు. ఆటోలవాళ్ళు అంతకుముందు పరుపుల కాశిం అనేవాళ్ళు, ఇప్పుడు పురుగుల కాశిం అన్నారు. అతను విని ఊరుకున్నాడు. కాశిం ఊరుకోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు కాబట్టి వాళ్ళకే బాగోక, రెండోసారి అనలేదు.

కాప్సూళ్ళు మొదలైన మూడో రోజుకి నాగూర్‌బీ జ్వరం దిగింది. దిండుకి ఆనుకుని కూర్చుని జావ తాగింది. ఇతన్ని గుర్తుపట్టింది, గడ్డం గీసుకోలేదేమని అడిగింది. కాశిం గ్లాసు అందుకుని, ఇంక ఆగలేక చెప్పేశాడు.

"డాక్టరు గారికి చెప్పేశా. పురుగుల సంగతి."

నాగూర్‌బీ మొహం పాలిపోయింది. "ఎవరన్నా విన్నారా?"

"వార్డంతా విన్నది. సుబ్బరత్నం గారు కూడా."

"అయ్యో! నెమ్మదిగా చెప్పొచ్చు కదండీ. ఆవిడ నాలుగు పరుపులు చెప్పింది. ఇంక ఎవరిస్తారు మనకి పని?" అని నుదురు కొట్టుకుంది. "డాక్టరు గారు నన్నడిగినప్పుడే నేను చెప్పేదాన్ని, చెప్పాలనుకుంటే. పక్కింట్లో రేడియో విన్నా, ఆ పురుగుల వల్ల జ్వరాలొస్తాయని నాకు తెలుసు."

కాశిం గ్లాసు కింద పెట్టేశాడు. "తెలుసా? తెలిసే లేవన్నావా?"

"మరేమనను? మీరు వద్దన్నారుగా."

"నేనంటే? నీ ప్రాణం పోయేదే పిచ్చిదానా!"

"పోతే నేనొక్కదాన్నే పోతాగా," అంది నాగూర్‌బీ, అదేదో మామూలు లెక్క అన్నట్టు. "కొట్టు పోతే మీరు బతకలేరు. మీకు ఆ పేరు తప్ప ఇంకేముంది?"

గవర్నర్‌పేటలోకెల్లా పెద్ద గొంతున్న మనిషి తన లెక్క చూసుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో తను అరిచాడు, ఆవిడ సరే అంది. ఆ ఒక్కో సరే వెనక ఆవిడ ఏం మింగుతోందో ఒక్కసారైనా అడగలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అప్పటిదాకా ఎవరి ముందూ కంటతడి పెట్టని కాశిం, ఆవిడ మంచం పక్కన నేల మీద కూలబడి, ఆవిడ చెయ్యి మొహానికి ఆనించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అవతలి మంచం దగ్గర్నుంచి సుబ్బరత్నం గారు ఇటు తిరిగి చూసింది. సిమెంటు కట్టు పెద్దాయన లేచి కూర్చున్నాడు. మందులు తెస్తున్న నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది.

నాగూర్‌బీకి సిగ్గేసి, చెయ్యి లాక్కోబోయింది. "ఊరుకోండి, ఏంటిది? అందరూ చూస్తున్నారు."

"చూడనీ," అన్నాడు కాశిం.